పది పర్సెంట్ కాయితం: అమెరికా స్పోర్ట్స్ స్కాలర్‌షిప్‌కి సంతకం పెట్టేముందు

ఈసారి వీడియో పెంటపాడు నుంచే. వెనకాల కాలవ గట్టు మీద బళ్ళ హారన్లు వినిపిస్తుంటాయి, ఏమీ అనుకోకండి.

ఈ ఎపిసోడ్ నేను ప్లాన్ చేసుకున్నది కాదు. మా వీధిలో నేను బాబాయ్ అని పిలిచే ఆయన ఒకాయన ఉన్నారు. పేరు చెప్పను. పోయిన నెల ఒక సాయంత్రం నాలుగు పేజీల కాయితం పట్టుకొచ్చి, "ఒరేయ్, నువ్వు ఇంగ్లీషు చదువుతావు కదా, ఇదేంటో చూడు. రేపు పొద్దున్న సంతకం పెట్టాలంట" అన్నారు. వాళ్ళమ్మాయి ఇంటర్ ఫస్టియర్. 400 మీటర్లు పరిగెడుతుంది. తెల్లారుజామున గూడెం రన్‌వే మీదకి ప్రాక్టీసుకి వెళ్తుంది. మన తాడేపల్లిగూడెం వాళ్ళకి చెప్పక్కర్లేదు, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది, ఇప్పుడు వాకింగ్‌కీ రన్నింగ్‌కీ అదే మనకి గ్రౌండు. జిల్లా మీట్లలో మెడల్స్ ఉన్నాయి. మంచి పిల్ల.

కాయితంలో ఏముందంటే, ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఈ అమ్మాయి వీడియోలు, టైమింగ్‌లు అమెరికా కాలేజీల కోచ్‌లకి పంపుతారు. స్కాలర్‌షిప్ వస్తే వాళ్ళకి అందులో పది పర్సెంట్ ఇవ్వాలి. రాకపోతే పైసా అక్కర్లేదు. బాబాయ్ మొహంలో సంతోషం ఆగట్లేదు. "ముందు ఏమీ కట్టక్కర్లేదురా, వస్తేనే ఇద్దాం అంటున్నారు, ఇంత మంచివాళ్ళు ఎవరుంటారు?" అంటారు.

నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. ఉద్యోగం ఇప్పిస్తే మొదటి నెల జీతం అడిగేవాళ్ళని చూశాం, సీటు వస్తే కమీషన్ అడిగేవాళ్ళని చూశాం. మనకి ఇది మామూలే. కానీ ఆ రాత్రి కూర్చుని అమెరికా కాలేజీ ఆటల నియమాలు చదివితే, ఆ పది పర్సెంట్ అనే మాటే ఆ పిల్ల దారికి అడ్డం పడుతుందని తెలిసింది. అక్కడి లెక్కలో, స్కాలర్‌షిప్‌లో వాటా తీసుకునేవాడు ఏజెంట్. ఏజెంట్‌తో ఒప్పందం చేసుకున్న పిల్ల అమెచ్యూర్ కాదు. సంతకం పిల్ల పెట్టినా, తండ్రి పెట్టినా ఒకటే.

సరే, మొదట్నుంచీ వద్దాం.

అమెరికాలో కాలేజీ ఆటలు చాలావరకు ఎన్‌సీఏఏ అనే సంస్థ కింద నడుస్తాయి. అందులో డివిజన్ 1, డివిజన్ 2, డివిజన్ 3 అని మూడు అంతస్తులు. ఆటకి స్కాలర్‌షిప్ ఇచ్చేది మొదటి రెండే. డివిజన్ 3లో ఆట చూసి డబ్బివ్వరు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ వాళ్ళు డివిజన్ 1లోనే ఉన్నా ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఇది తెలియక "హార్వర్డ్‌లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం" అనే రీల్స్ చూసి లైక్ కొట్టేవాళ్ళున్నారు. ఎవరైనా ఆ మాట అంటే అక్కడే ఫోన్ పెట్టేయండి.

ఇంకోటి. అన్ని ఆటలూ ఉండవు. క్రికెట్ లేదు. కబడ్డీ లేదు. మన తెలుగువాళ్ళు ప్రపంచంలో పేరు తెచ్చుకున్న బ్యాడ్మింటన్ కూడా ఎన్‌సీఏఏలో లేదు. పరుగులు, దూకడాలు, విసరడాలు ఉన్నాయి. టెన్నిస్, ఈత, వాలీబాల్, బాస్కెట్‌బాల్, గోల్ఫ్ ఉన్నాయి.

మనవాళ్ళు వెళ్ళలేదా అంటే వెళ్ళారు. విశాఖ టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. తర్వాత 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం గెలిచాడు. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి టెక్సాస్‌లో సామ్ హ్యూస్టన్ స్టేట్‌కి ఆడింది. తెలుగువాడు కాదుగానీ సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008 రెండేళ్ళూ వరసగా ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచాడు. కాబట్టి దారి ఉంది. ఉన్నదే. పెంటపాడు నుంచి అలబామాకి దారి లేదని నేను చెప్పట్లేదు. ఆ దారిలో గేటు ఎక్కడుందో చెప్తున్నాను.

ఆ గేటు పేరే అమెచ్యూర్. అంటే ఆటని డబ్బు కోసం ఆడనివాడు.

ఈ మాట ఎక్కడ పుట్టిందో చూస్తే నాకు కొంచెం మండింది. 19వ శతాబ్దం ఇంగ్లండులో పుట్టింది. అక్కడ హెన్లీ అని పడవ పందేలు జరుగుతాయి. 1879లో వాళ్ళు అమెచ్యూర్ అంటే ఎవరో రాసుకున్నారు. అందులో చేతి పని చేసుకునేవాళ్ళు, మెకానిక్కులు, కూలీలు అమెచ్యూర్లు కారు అని ఉంది. పందేనికి డబ్బు తీసుకున్నాడా లేదా అన్నది తర్వాత సంగతి, కూలివాడైతే చాలు, పోటీకి పనికిరాడు. కొల్లేట్లో పడవ నడిపి బతికేవాడు ఆ రోజుల్లో హెన్లీ వెళ్తే పడవ ముట్టుకోనిచ్చేవారు కాదన్నమాట. తిండికి ఇబ్బంది లేనివాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఆడుకోవడానికి రాసుకున్న నియమం అది.

అదే ఆలోచన ఒలింపిక్స్‌లోకి వెళ్ళింది. జిమ్ థోర్ప్ అని అమెరికా మూలవాసి తెగ మనిషి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. తర్వాతేడు పతకాలు లాక్కున్నారు. ఎందుకంటే అంతకుముందు 1909, 1910లో ఎండాకాలం సెలవుల్లో చిన్న ఊళ్ళ బేస్‌బాల్ జట్టుకి ఆడి కొద్ది డబ్బు తీసుకున్నాడు. పరిగెత్తినందుకు కూడా కాదు, బేస్‌బాల్‌కి! ఆయన చనిపోయి ముప్ఫై ఏళ్ళయ్యాక, 1983లో పతకాలు వాళ్ళ పిల్లలకి తిరిగిచ్చారు. ఆ రెండు పోటీల్లో ఏకైక విజేత ఆయనే అని ఒప్పుకునేసరికి 2022 వచ్చింది.

ఒలింపిక్స్ ఆ నియమాన్ని ఎప్పుడో వదిలేసింది. అమెరికా కాలేజీలు మాత్రం పట్టుకుని కూర్చున్నాయి.

ఇప్పుడు మన దగ్గరకొద్దాం. మన దగ్గర ఆటగాడు ఎలా బతుకుతాడు? సంక్రాంతికి ఊళ్ళల్లో కోడి పందేలు ఒక్కటే కాదు కదా, వాలీబాల్ టోర్నమెంట్లు, కబడ్డీ, పరుగు పందేలు పెడతారు. మొదటి బహుమతి ఇంత, రెండోది ఇంత అని ఫ్లెక్సీ కడతారు. దాతల పేర్లు కింద. గెలిచినవాడికి కవరు ఇచ్చి శాలువా కప్పుతారు. ఆ కవరులోంచే బూట్లు, గుడ్లు, పాలు, తర్వాతి మీట్‌కి బస్సు చార్జీ. బాబాయ్ వాళ్ళమ్మాయి స్పైక్స్ అలా కొన్నవే.

పి.వి. సింధునే తీసుకోండి. హైదరాబాద్ మెహిదీపట్నం సెయింట్ ఆన్స్ కాలేజీలో చదువుతూనే ప్రపంచ టోర్నీలు ఆడింది, ప్రైజ్ మనీ తీసుకుంది. 2016 రియో రజతం తర్వాత తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్లు ప్రకటించాయి. కాలేజీ వాళ్ళు గర్వపడ్డారు, మనమందరం చప్పట్లు కొట్టాం. "డబ్బు తీసుకున్నావు కాబట్టి నువ్వు కాలేజీకి ఆడకూడదు" అని ఎవరైనా అంటే మనకి నవ్వొస్తుంది. మన దగ్గర చదువుకునే ఆటగాడు డబ్బు తీసుకుంటే అది తప్పు కాదు, వాళ్ళమ్మానాన్నలకి ఊరట.

ఎన్‌సీఏఏలో ఇన్నాళ్ళూ ఉన్న లెక్క వేరు. కాలేజీలో చేరకముందు గెలిచిన ప్రైజ్ మనీ, ఆ పోటీకి అయిన నిజమైన ఖర్చు దాటకూడదు. ప్రయాణం, తిండి, బస, ఎంట్రీ ఫీజు, అలాంటివి. అమ్మాయి 5,000 గెలిచింది అనుకుందాం. పోటీకి వెళ్ళిరావడానికి 900 అయింది. మిగతా 4,100 తీసుకుంటే ఆ ఆటలో అమెచ్యూర్ హోదాకి మచ్చ. టెన్నిస్‌కి మాత్రం కొంచెం వెసులుబాటు, ఏడాదికి 10,000 డాలర్ల దాకా ఖర్చుతో సంబంధం లేకుండా తీసుకోనిచ్చేవారు.

నాలుగు వేల రూపాయలకి ఎవరు పట్టించుకుంటారు అంటారు కదా? రిజిస్ట్రేషన్ చేసుకున్నప్పుడు వాళ్ళే అడుగుతారు, ఏ పోటీలు ఆడావు, ఎంత తీసుకున్నావు అని. అబద్ధం రాస్తే అది డబ్బు కంటే పెద్ద తప్పు. పైగా మనవాళ్ళ అలవాటు తెలుసు కదా, గెలిస్తే పెద్ద అట్ట చెక్కు పట్టుకుని ఫోటో దిగి ఇన్‌స్టాలో పెడతాం. అంకె ఎర్ర అక్షరాల్లో మెరుస్తుంటుంది. సాక్ష్యం మనమే ఇచ్చినట్టు. చిన్న మొత్తాలైతే అదనంగా తీసుకున్నది ఏదైనా సేవా సంస్థకి ఇచ్చేయమని, కొన్ని పోటీలు పక్కన కూర్చోమని చెప్పి వదిలేసిన సందర్భాలున్నాయి. కాబట్టి ఇదివరకే తీసుకున్నవాళ్ళు కంగారుపడొద్దు. దాచొద్దు, అంతే.

పెద్ద మొత్తమైతే మాత్రం వదల్లేదు. టర్కీ కుర్రాడు ఎనెస్ కాంటర్ కెంటకీ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడదామని వచ్చాడు. టర్కీలో ఫెనర్‌బాచే క్లబ్బు నుంచి ఖర్చులకి మించి 33,033 డాలర్లు అందాయని లెక్క తేల్చి, శాశ్వతంగా పనికిరావు అన్నారు. కాలేజీకి ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2011లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మూడోవాడిగా వెళ్ళాడు, కాబట్టి అతనికి నష్టం లేదు. మన పిల్లలకి ఆ రెండో తలుపు ఉండదు కదండీ.

ఇక్కడే ఇంకో విచిత్రం. 2016లో సింగపూర్ కుర్రాడు జోసెఫ్ స్కూలింగ్, అప్పటికి టెక్సాస్ యూనివర్సిటీ విద్యార్థి, రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో మైకేల్ ఫెల్ప్స్‌ని ఓడించి బంగారం గెలిచాడు. సింగపూర్ వాళ్ళు పది లక్షల సింగపూర్ డాలర్ల బహుమతి ఇచ్చారు. దానికి ఇబ్బంది రాలేదు! ఒలింపిక్స్ పతకానికి సొంత దేశపు ఒలింపిక్ సంఘం ఇచ్చే డబ్బుకి మినహాయింపు ఉంది. అంటే పది లక్షల డాలర్లు తీసుకున్నవాడు అమెచ్యూరే, సంక్రాంతి పందెంలో నాలుగు వేలు మిగుల్చుకున్న పిల్ల వివరణ రాసుకోవాలి. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

మీలో కొంతమంది ఇప్పటికే అనుకుంటుంటారు, "అన్నా, అదంతా పాత కథ, ఇప్పుడు అక్కడ కాలేజీ ప్లేయర్లు కోట్లు సంపాదిస్తున్నారు కదా" అని. నిజమే. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ జులై 1 నుంచి ఎన్ఐఎల్ వచ్చింది. అంటే ఆటగాడు తన పేరు, ఫోటో, గుర్తింపు వాడుకుని యాడ్స్ చేసుకోవచ్చు. 2025 జూన్‌లో హౌస్ కేసు రాజీకి కోర్టు ఒప్పుకున్నాక, కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకి డబ్బివ్వడం మొదలైంది. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా పంచొచ్చని పరిమితి పెట్టారు. అందులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే పోతుందనుకోండి.

అయితే మనకేంటి? ఇక్కడ ఆగి వినండి. అమెరికా పిల్లకి కాలేజీ నియమం తొలగింది. మన పిల్ల వెళ్ళేది ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద. ఆ వీసా మీద క్యాంపస్‌లో ఉద్యోగం చేసుకోవచ్చు, క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలు మించకుండా. క్యాంపస్ బయట పర్మిషన్ లేకుండా పని చేస్తే వీసాకే ఎసరు. షూటింగ్‌కి వెళ్ళి యాడ్ చేయడం పనా కాదా? కాలేజీ పంచే డబ్బు జీతమా, పేరుకి ఇచ్చే రాయల్టీనా? దీని మీద లాయర్లలోనే ఒక మాట లేదు. ఒకే రిలేలో నలుగురమ్మాయిలు పరిగెడతారు, ముగ్గురు డబ్బు తీసుకుంటారు, నాలుగో అమ్మాయి విదేశీ విద్యార్థి కాబట్టి లాయర్ని అడిగి రావాలి.

కెంటకీకే ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే ఏం చేశాడంటే, 2022 ఆగస్టులో జట్టు బహామాస్ దీవులకి ఆటలకి వెళ్ళినప్పుడు అక్కడ యాడ్ పనులు పూర్తి చేసుకున్నాడు. అమెరికా గడ్డ మీద కాదు కాబట్టి వీసాకి ఇబ్బంది ఉండదని. తెలివైన పనే. కానీ 400 మీటర్ల అమ్మాయి కోసం బహామాస్‌కి విమానం ఎవరు వేస్తారు?

ఇంకా తమాషా చూడండి. ఎన్ఐఎల్ వచ్చాక, గూడెంలో బట్టల షాపాయన ఈ అమ్మాయి ఫోటో ఫ్లెక్సీ మీద వేసుకుని డబ్బిస్తే ఎన్‌సీఏఏకి అభ్యంతరం లేదు. అది పేరుకి ఇచ్చిన డబ్బు. అదే అమ్మాయి పరిగెత్తి గెలిస్తే వచ్చిన డబ్బుకి మాత్రం ఎన్ఐఎల్ వచ్చాక కూడా అభ్యంతరం ఉండేది. ఫోటోకి ఓకే, పరుగుకి నో. సరిగ్గా ఈ ప్రశ్నే అమెరికా అమ్మాయే కోర్టులో వేసింది. నార్త్ కరొలైనా యూనివర్సిటీ టెన్నిస్ ప్లేయర్ రీస్ బ్రాంట్‌మైర్, హైస్కూల్లో ఉండగా 2021 యూఎస్ ఓపెన్‌లో దాదాపు 49 వేల డాలర్లు గెలిచింది, కాలేజీకి ఆడాలంటే అందులో చాలావరకు వదులుకోవాల్సొచ్చింది. 2024 మార్చిలో కేసు వేసింది. ఇవన్నీ కదులుతున్న నియమాలు. అందుకే మీరు ఈ వీడియో ఎప్పుడు చూస్తున్నారో, ఆ రోజుకి నియమం ఏంటో ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ సైట్‌లో చూసుకోండి. నా మాట మీద ఆగకండి.

మళ్ళీ బాబాయ్ కాయితానికి వస్తాను.

ఏజెంట్ నియమం గురించి ఇందాక చెప్పాను. దాన్ని కొంచెం విడదీస్తాను, ఎందుకంటే ఇది మన జిల్లాల్లో చాలామందికి పనికొస్తుంది. ఎవరైనా మీ వీడియోలు, మార్కులు, టైమింగ్‌లు కాలేజీలకి పంపిపెడితే తప్పు లేదు. దానికి ఫీజు తీసుకోవడమూ తప్పు కాదు. ఫీజు ముందే ఇంత అని ఉండాలి, సీటు వచ్చినా రాకపోయినా అదే ఉండాలి. స్కాలర్‌షిప్ వస్తేనే ఇవ్వాలి, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వాలి అన్నారా, అప్పుడు వాళ్ళు ఏజెంట్ అవుతారు. అంటే మనకి న్యాయంగా కనిపించే పద్ధతి, వస్తేనే ఇవ్వు అనేది, అక్కడ నేరం. మనకి మోసంలా కనిపించే పద్ధతి, వచ్చినా రాకపోయినా కట్టు అనేది, అక్కడ సక్రమం.

ఇది బాబాయ్‌కి చెప్పడానికి నాకు గంట పట్టింది. "నీకు వాళ్ళ మీద కుళ్ళా?" అని కూడా అన్నారు. పిన్ని మజ్జిగ తెచ్చి ఇచ్చి, "వాడు చెప్పేది వినండి, రేపు సంతకం ఎల్లుండి పెడితే కొంపలు మునగవు" అంది. ఆవిడ అన్నదే ఆ రోజు పనిచేసింది.

కన్సల్టెన్సీ వాళ్ళు కావాలని మోసం చేశారని నేననను. వాళ్ళు ఎమ్మెస్ అడ్మిషన్లు చేసేవాళ్ళు, అదే కాయితం దీనికీ వాడినట్టున్నారు. కానీ వాళ్ళకి తెలియకపోతే నష్టం వాళ్ళకి కాదు కదా.

ఆ అమ్మాయి, సైలెంటుగా గుమ్మం దగ్గర నిలబడి వింటోంది, అప్పుడడిగింది. "అన్నయ్యా, పోయిన సంక్రాంతికి నేను మూడు చోట్ల తీసుకున్నాను. అయిపోయిందా నా పని?" అని. కళ్ళల్లో నీళ్ళు. పదహారేళ్ళ పిల్ల స్పైక్స్ కొనుక్కోవడానికి పరిగెత్తి, ఇప్పుడు తప్పు చేశానా అని అడుగుతోంది. ఈ వీడియో చేయాలని అప్పుడే అనుకున్నాను.

పని అయిపోలేదు. ఇద్దరం కూర్చుని నోటుబుక్కు తీశాం. ఏ తేదీన ఏ ఊరు, ఎంత వచ్చింది, బస్సుకి ఎంత, తిండికి ఎంత, కోచ్‌కి ఎంత. బస్సు టిక్కెట్లు ఎక్కడుంటాయి, లేవు. ఫోన్‌పే హిస్టరీలో కొన్ని దొరికాయి. స్పైక్స్ బిల్లు దొరికింది. ఇకనుంచి ప్రతిదీ ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టమన్నాను. నిర్వాహకుల్ని కవరు బదులు "ప్రయాణం, భోజనం ఖర్చుల కింద" అని రాసి రసీదు ఇమ్మని అడగొచ్చు, కానీ నిజంగా అయిన ఖర్చుకే. దొంగ లెక్క రాయించుకోవద్దు.

వాళ్ళ అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, కబడ్డీ ఆడతాడు, వాడికీ కవర్లు వస్తాయి. వాడికి భయమేసింది. వాడికి చెప్పాను, ఈ లెక్క ఆట ఆటకీ వేరు. కబడ్డీలో డబ్బు తీసుకున్నవాడు పరుగులో అమెచ్యూర్‌గానే ఉండొచ్చు. జిమ్ థోర్ప్ నాటికంటే ఆ మేరకు బుద్ధొచ్చింది. చదరంగం ఆడే పిల్లలకైతే ఈ తలనొప్పే లేదు, చెస్ ఎన్‌సీఏఏ ఆట కాదు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డల్లాస్ లాంటివి చెస్‌కే స్కాలర్‌షిప్ ఇస్తాయి, అంతకుముందు గెలిచిన ప్రైజ్ మనీ అడ్డం కాదు. వీసా రూల్స్ మాత్రం వాళ్ళకీ తప్పవు.

మార్కుల సంగతి త్వరగా చెప్పేస్తాను. వాళ్ళు తొమ్మిదో తరగతి నుంచీ చూస్తారు. మనవాళ్ళు టెన్త్, ఇంటర్ మార్కుల లిస్టులు లామినేషన్ చేయించి దాచుకుంటారు, తొమ్మిది ఎక్కడో పారేస్తారు. స్కూలుకి వెళ్ళి తెచ్చుకోండి. డివిజన్ 1కి 16 కోర్ సబ్జెక్టులు, కనీసం 2.3 జీపీఏ కావాలి. ఇంటర్ అయ్యాక గ్యాప్ తీసుకునేవాళ్ళు జాగ్రత్త. ఏడాది దాటాక కూడా పోటీలు ఆడుతూ ఉంటే కాలేజీలో ఆడే సంవత్సరాల్లోంచి కోత పడుతుందనేది పరుగుల వాళ్ళకి ఇన్నాళ్ళూ ఉన్న లెక్క. టెన్నిస్‌కైతే ఆర్నెల్లే. "ఇంకో రెండేళ్ళు ఇక్కడ ఆడి టైమింగ్ తగ్గించుకుని వెళ్దాం" అనే ప్లాన్ అక్కడ దెబ్బ కొడుతుంది.

స్కాలర్‌షిప్ అనగానే మొత్తం ఫ్రీ అనుకోకండి. మొన్నమొన్నటిదాకా డివిజన్ 1 మగవాళ్ళ టెన్నిస్‌లో జట్టు మొత్తానికి కలిపి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే, వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఆడవాళ్ళ టెన్నిస్‌కి ఎనిమిది. పరుగుల్లో కూడా ఆడపిల్లలకే ఎక్కువ ఉండేవి. అక్కడ 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం పుణ్యం అది. మన ఊళ్ళల్లో "ఆడపిల్ల, పరుగేంటి" అనేవాళ్ళకి ఈ అంకెలు చూపించండి.

బాబాయ్ మర్నాడు ఆ కన్సల్టెన్సీకి ఫోన్ చేసి పర్సెంటేజీ తీసేయండి, ఒకటే ఫీజు చెప్పండి అన్నారు. వాళ్ళు చెప్పిన అంకె విని ఫోన్ పెట్టేశారు. ఇప్పుడు మేమే పంపుతున్నాం. కాలేజీల వెబ్‌సైట్లలో కోచ్‌ల ఈమెయిల్స్ ఉంటాయి, దాచిపెట్టరు. అమ్మాయి పేరు, పుట్టిన తేదీ, 400 మీటర్ల టైమింగ్, ఏ మీట్‌లో, మార్కులు, రన్‌వే మీద తీసిన వీడియో. వీడియోలో వెనకాల ఒక గేదె అడ్డంగా నడుస్తుంది, తీసేయమంటే అమ్మాయి ఒప్పుకోలేదు, ఆ పరుగే బెస్ట్ టైమింగ్ అంట. పద్నాలుగు మెయిల్స్ పంపాం. రెండింటికి జవాబొచ్చింది. ఒకటి వద్దన్నారు, రెండోది వచ్చే సీజన్ టైమింగ్ పంపమన్నారు.

సంక్రాంతికి ఈసారి కూడా పరిగెడుతుందంట. కవరు తీసుకుంటావా అనడిగాను. ఖర్చు ఎంతైతే అంతే, మిగతాది ఆళ్ళకే ఇచ్చేస్తాను అంది. బాబాయ్ ఇంకా ఒప్పుకోలేదు, వాళ్ళింట్లో దాని మీద మాటలు నడుస్తున్నాయి.

ఉంటానండీ.